కంప్యూటర్ ఖాతా: ఒక హోల్‌సేల్ కొట్టు కేసు

ఒక హోల్‌సేల్ కొట్లో కంప్యూటర్ లెక్కలు పెట్టించబోయిన ఈ కేసు రాద్దామని ఏడాది నుంచి అనుకుంటున్నాను. ఇందులో నేను రెండుసార్లు తప్పేను, రెండోసారి తప్పుతున్నప్పుడు కూడా నాదే రైటు అనుకుంటూ తప్పేను. ఊరు పేరు రాయను, మనుషుల పేర్లు లేవు, డబ్బు అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చేను. సరుకు మాత్రం మార్చలేదు, సరుకు మారిస్తే కేసే మారిపోతుంది. ఒడిశాలో ఆంధ్రా బోర్డరు పక్కన గజపతి, రాయగడ జిల్లాల్లో ఒక టౌను అనుకోండి చాలు.

నా సంగతి రెండు ముక్కలు. బళ్ళో ఒరియా, ఇంట్లో తెలుగు, మా వైపు ఇది మామూలే, 1936లో ఒడిశా విడిగా అయినప్పుడు గీత మా ఊళ్ళ మధ్యలోంచి పోయింది, మనుషులు ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయేరు. పదహారేళ్ళ నుంచి కొట్లకీ, రైసు మిల్లులకీ, జీడి బట్టీలకీ బిల్లింగు, అకౌంట్సు పెట్టిస్తున్నాను. కంప్యూటర్లు అమ్మను. ఏది కొనాలో, ఎంతలో కొనాలో చెప్తాను, కొన్నాక అది వాడేలా చూస్తాను. కష్టమంతా ఆ రెండోదాంట్లోనే.

కొట్టు సంగతి

హోల్‌సేల్ కిరాణా, దాంతోపాటు కొండసరుకు. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు, అడ్డాకు విస్తర్లు. సంతల్లో కొంటారు, గోడౌన్‌లో ఆరబెట్టి బస్తాలు కట్టి శ్రీకాకుళం, విజయనగరం వైపు పంపుతారు. షావుకారు గారికి అప్పటికి 64 ఏళ్ళు. ఇద్దరు కొడుకులు, పెద్దాయన కంప్యూటర్ సైన్సు చదివి అమెరికాలో ఉన్నాడు, చిన్నాయన కొట్లో. గుమస్తా గారు షావుకారు కంటే రెండేళ్ళు పెద్ద, షావుకారు తండ్రిగారి హయాం నుంచీ ఉన్న మనిషి. బిల్లులు రాయడానికి ఇద్దరు ఒరియా కుర్రాళ్ళు, బస్తాలు మోసే కలాసీలు ఎనిమిదిమంది.

లెక్కలన్నీ చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఎవరి ఖాతా వాళ్ళకి విడిగా ఉండే పుస్తకం). ఎర్రగుడ్డ అట్ట, నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో శ్రీకారం, ఏటా ఉగాదికి కొత్త పుస్తకం. తెలుగులోనే, గుమస్తా గారి చేతిరాతలోనే. ఖాతాల పేర్లు మీరు చూడాలి, "వంతెన దగ్గర కొట్టు", "ఎర్రగేటు", "పెద్ద సంత బావగారు". జీఎస్టీలో ఆ బావగారికి ఇంకో పేరుంది, ఆ పేరు చెప్తే కొట్లో ఎవరికీ తెలీదు. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తులు, ఒక చుక్క, రెండు చుక్కలు, ఒక అడ్డగీత. వాటి అర్థం షావుకారుకీ గుమస్తాకీ తప్ప మూడో మనిషికి తెలీదు. ఈ గుర్తుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

నన్ను పిలిచిందెందుకు

2021 అక్టోబర్లో చిన్నాయన ఫోన్ చేసేడు. "అన్నా, మా నాన్నకి కంప్యూటర్ అంటే భయం, మీరొచ్చి ఆ భయం పోగొట్టాలి" అన్నాడు. ఆ మాట నేను అలాగే రాసుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళి రోగం పేరు మనమే చెప్పేస్తే డాక్టరు అదే రాసుకున్నట్టన్నమాట.

వెళ్ళి చూస్తే ఇబ్బందులు నిజమైనవే. బయట బాకీ ఎంతుందో గుమస్తా గారు రెండ్రోజులు కూర్చుంటే గానీ తేలదు. టాక్సు తప్పులు సరేసరి. మా బోర్డరులో తమాషా ఏంటంటే నాలుగడుగులు వేసి ఆంధ్రా వైపు కొట్టుకి సరుకిస్తే రాష్ట్రం దాటే సరుకు మీద వేసే ఐజీఎస్టీ, అదే ఐదారు గంటలు ప్రయాణం చేసి భువనేశ్వర్ పంపితే రాష్ట్రం లోపలి టాక్సులైన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. జీఎస్టీ నెంబరు 21తో మొదలైతే మనదీ, 37తో మొదలైతే ఆంధ్రాదీ అని ఒరియా కుర్రాళ్ళకి చెప్పినా రోజూ చూసే ఎదుటి కొట్టు వేరే రాష్ట్రం అంటే బుర్రకెక్కదు కదా. ఇంకోటి, 2019 అక్టోబర్ 1 నుంచి ఎండు చింతపండుకీ ఆకు విస్తర్లకీ టాక్సు 5 శాతం నుంచి సున్నా చేసేరు, రెండూ ఈ కొట్టు సరుకులే, ఐనా ఒక కుర్రాడు తర్వాత మూడు నెలలు 5 శాతం వేస్తూనే ఉన్నాడు. సున్నా సరుకు మీదైనా సరే వసూలు చేసిన టాక్సు గవర్నమెంటుకి కట్టాల్సిందే, కట్టేరు.

అంచేత కంప్యూటర్ కావాలి, అందులో డౌటు లేదు. డౌటు ఎంత పెట్టాలి, దేనిమీద పెట్టాలి అన్నదే.

మొదటి ప్రయత్నం, నా బుర్రలో ఉన్న లెక్క

నేను అప్పట్లో ఇలాంటి విషయాలు కొంచెం చదువుతుండేవాణ్ణి. ఫ్రెడ్ డేవిస్ అనే ఆయన 1989లో చెప్పిన మాట ఒకటుంది, మనిషి కంప్యూటర్ వాడతాడా లేదా అన్నది రెండింటి మీద ఉంటుంది, ఇది నాకు పనికొస్తుంది అనుకోవడం, ఇది వాడ్డం సులువు అనుకోవడం. ఇంకొకాయన హాఫ్‌స్టెడే, ఐబీఎం ఉద్యోగుల్ని దేశదేశాల్లో అడిగిన సర్వేల మీంచి ఏ దేశం వాళ్ళకి అనిశ్చితి అంటే ఎంత ఇబ్బందో అంకెలు కట్టేడు, అందులో ఇండియా 40, జపాన్ 92. ఈ లెక్కన మనం ధైర్యవంతులం. జపాన్ సంగతి నిజంగా అలాగే కనబడుతుంది, గవర్నమెంటుకి కాగితాలు ఫ్లాపీల్లో ఇవ్వాలన్న రూల్సు అక్కడ 2024 దాకా ఉన్నాయి, ఆ ఏడే తీసేరు.

వీటికి తోడు మా వైపు మాట ఒకటి, తెలుగోళ్ళకి కంప్యూటర్ పిచ్చి అని. ఒరియా ఫ్రెండ్సు నన్ను ఎప్పుడూ ఇదే ఆటపట్టిస్తారు, మీ ఇళ్ళల్లో పిల్లాడు పుడితే బారసాలకి కీబోర్డు పెడతారట కదా అని. నేనూ నమ్మేను. ఇది తెలుగు షావుకారు కొట్టు, కొడుకు అమెరికాలో కంప్యూటర్ ఇంజినీరు, ఇంక వీళ్ళకి కంప్యూటర్ అంటే వ్యతిరేకత ఎందుకుంటుంది, సులువుగా ఉన్నది పెడితే చాలు అనుకున్నాను.

చిన్నాయన కూడా గట్టిగా నిలబడ్డాడు. లక్షా నలభై వేలు అయింది, మంచి కంప్యూటరు, గోడౌన్‌లో ఇంకోటి, స్టాకు ప్రోగ్రాము, ఫోన్లో చూసుకునే యాప్. 2022 ఏప్రిల్ 2 ఉగాది, ఆరోజే మొదలుపెట్టేం. కొబ్బరికాయ కొట్టేం. నా స్లైడుల్లో పెద్దక్షరాలతో ఒక మాట ఉంది, "మీరు కొట్లో లేకపోయినా కొట్టు మీ చేతిలో ఉంటుంది." షావుకారు గారు అది చదివి తలూపేరు. నేను ఒప్పుకున్నారనుకున్నాను.

ఆగస్టుకి దానిమీద గుడ్డ కప్పేసేరు.

ఎక్కడ చెడింది

ముందు చింతపండు దగ్గరే చెడింది. సంతలో కొన్నప్పుడు పండు పచ్చిగా ఉంటుంది, గోడౌన్‌లో ఆరుతుంది, 60 కిలోల బస్తా నెల తిరిగేసరికి 56, 57 అవుతుంది. దీన్ని తరుగు అంటారు, ఈ వ్యాపారంలో పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. నేను పెట్టిన ప్రోగ్రాముకి తెలీదు. అది కొన్నది 60, ఉన్నది 56, తక్కువ 4 అని ఎర్రటి అక్షరాల్లో చూపించేది. మే నెలలో ఒకరోజు బిల్లు రాసే కుర్రాడు ఆ కాగితం ప్రింటు తీసి గోడౌన్ గోడకి అంటించేడు, మంచి ఉద్దేశంతోనే. సాయంత్రానికి కలాసీలు పని ఆపేసేరు. మేస్త్రీ షావుకారు గారి ముందుకొచ్చి "ముప్పయ్యేళ్ళ నుంచి మోస్తన్నాం, ఇప్పుడు ఆ డబ్బా మమ్మల్ని దొంగలంటోంది, మీరూ అదే అంటారేటి" అని అడిగేడు. షావుకారు గారు ఆ కాగితం చింపేసి కలాసీలకి టీలు తెప్పించేరు. నాకు ఫోన్ చెయ్యలేదు. వారం తర్వాత నేను వెళ్తే గుమస్తా గారు చెప్పేడు, చెప్తున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం దాచుకోలేకపోయేడు.

రెండోది డబుల్ పని. గుమస్తా గారు చిట్టా మానలేదు, మానమని ఎవరూ గట్టిగా అనలేదు. పొద్దంతా చిట్టాలో రాయడం, రాత్రి ఎనిమిదికి చిన్నాయన కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించడం. రెండు నెలలు ఎక్కించేడు, తర్వాత వారానికోసారి, తర్వాత లేదు.

కరెంటు, నెట్టు గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ షావుకారు గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి వైపు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్లు పలకలేదు. ఆ వారం కొట్టు నడిచింది లాంతరు మీద, చిట్టా మీద. "మబ్బులో దాస్తానంటావు, మబ్బొచ్చినప్పుడే కదా నాకు పుస్తకం కావలసింది" అన్నారు. క్లౌడ్ అనే మాటని నేను తెలుగులో చెప్పబోయి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

రెండో ప్రయత్నం, ఇంకా పెద్ద తప్పు

2023 మొదట్లో మళ్ళీ వెళ్ళేను. ఈసారి చిన్నగా వెళ్దాం అనుకున్నాను, ఒక కంప్యూటరు, ప్రింటరు, యూపీఎస్, మొత్తం 42 వేలు. పెట్టుబడి ఎన్నాళ్ళలో తిరిగొస్తుందో లెక్క కట్టి కాగితం మీద పెట్టేను. పోయిన ఇన్‌పుట్ టాక్సు (కొన్నప్పుడు కట్టి, మన టాక్సులో తగ్గించుకోవాల్సింది) ఇంత, ఆలస్యంగా వసూలైన బాకీ మీద వడ్డీ ఇంత, ఎనిమిది నెలల్లో డబ్బు వెనక్కొస్తుంది. లెక్క కరెక్టే, ఇప్పుడు చూసినా కరెక్టే.

ఆ లెక్క నేను అదే వీధిలో ఉన్న ఒక మార్వాడీ హార్డ్‌వేర్ కస్టమర్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని నెలల్లో. చెప్పేను, మర్నాడే కొన్నాడు, దీపావళికి పూజ చేసి మొదలెట్టేడు. కానీ అదే మనిషి కంప్యూటర్ మీద కూర్చోడానికి బయటివాళ్ళని పెట్టడు, మేనల్లుడిని ఊర్నుంచి రప్పించేడు, ఆ కుర్రాడొచ్చేదాకా ఐదు నెలలు అది పెట్టెలోనే ఉంది. మిషను మీద నమ్మకం వెంటనే వచ్చింది, మనిషి మీద రాలేదు. ఇంకో కస్టమర్, ఒరియా మందుల డిస్ట్రిబ్యూటరు, ఆయన అడిగింది కంపెనీ వాళ్ళు ఏది వాడమంటున్నారు అని. అదే కొన్నాడు, ఒక్క పైసా బేరం లేదు, కాకపోతే సునియా రోజున మొదలవ్వాలన్నాడు, భాద్రపదంలో వచ్చే ఒరియా లెక్కల సంవత్సరాది అది. ఒకరికి ఉగాది, ఒకరికి దీపావళి, ఒకరికి సునియా, నా సాఫ్ట్‌వేర్‌కి ఏప్రిల్ 1 ఒక్కటే తెలుసు. ఈ ముగ్గురూ వాళ్ళ వాళ్ళందరికీ శాంపిల్ అని నేననను, అలా అనుకున్నందుకే దెబ్బతిన్నాను.

షావుకారు గారికి ఆ మార్వాడీ ఆయన ఉదాహరణ చెప్పేను. ఇదే పెద్ద తప్పు. "వాళ్ళ పద్ధతి వాళ్ళది బాబూ" అన్నారు, చాలా మర్యాదగానే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఒక మాట అన్నారు, "కంప్యూటర్‌కి ఒకసారి పెట్టేం కదా, ఏం వచ్చింది."

నేను లక్షా నలభై వేల గురించి అంటున్నారనుకున్నాను. క్షమించమని అడిగేను కూడా. ఆయన చెయ్యి ఊపి "నీదేం లేదులే" అన్నారు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి, రాలేదు.

ఆవర్జాలో దొరికింది

2023 మే నెలలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్ళందరికీ ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లుని గవర్నమెంటు పోర్టల్లో ఎక్కించి నెంబరు తెచ్చుకోవడం) తప్పనిసరి. 2020లో 500 కోట్ల వాళ్ళతో మొదలెట్టి మెట్టు మెట్టుగా దించుకుంటూ వచ్చేరు, ఇప్పుడు మా వీధిలోకి వచ్చింది. షావుకారు గారి వాదన, చింతపండుకి టాక్సే లేదు కదా, అది తీసేస్తే నాది 3 కోట్లు కూడా లేదు. వాదన బాగానే ఉంది గానీ రూలు అలా లేదు, టర్నోవర్ లెక్కకి టాక్సు లేని సరుకు కూడా కలుస్తుంది. ఈ-ఇన్వాయిస్ మాత్రం టాక్సున్న సరుకుకే, అదీ దేశం లోపల అమ్మితే జీఎస్టీ నెంబరున్న వ్యాపారికి అమ్మినప్పుడే తియ్యాలి. అంటే చింతపండు బిల్లుకి అక్కర్లేదు, కానీ చింతపండు వల్ల పసుపు బిల్లుకి వచ్చి పడింది. ఇది ఆయనకి అన్యాయంగా తోచింది, నాకూ తోచింది.

టర్నోవర్ తేల్చడానికి ఆవర్జా మొత్తం చూడాలన్నాను, రెండు సాయంత్రాలు ఇచ్చేరు. మొదటిసారి నేను ఆవర్జా ముట్టుకోలేదు, చిన్నాయన ఇచ్చిన కస్టమర్ల లిస్టు మీంచి ఓపెనింగ్ బ్యాలెన్సులు ఎక్కించేసేను. పదహారేళ్ళ అనుభవం ఉన్న మనిషి చెయ్యాల్సిన పని కాదది.

రెండో సాయంత్రం, చివరి పేజీల్లో, ఇంటి ఖర్చు ఖాతా తర్వాత ఒక ఖాతా కనబడింది. పేరు "కంప్యూటర్ ఖాతా". ఉగాదికి పెట్టిన మాది అయ్యుంటుంది అనుకుని మొత్తం చూస్తే 14,86,300. వెనక పుస్తకం అడిగేను, అందులోనూ ఉంది, దాని వెనకదాన్లోనూ ఉంది. అలా వెళ్తే మొదలు 2005. ఇంటర్ కోచింగు. తర్వాత కాలేజీ ఫీజు, హాస్టలు, ఒక లాప్‌టాప్ 41,500, బ్యాంకు లోన్ వడ్డీ, వీసా, విమానం టిక్కెట్టు. జమ వైపు ఒకే ఒక్క పద్దు, 2018లో, తిత్లీకి గోడౌన్ రేకులు లేచిపోయినప్పుడు అమెరికా నుంచి పెద్దకొడుకు పంపినది లక్ష. ప్రతి ఉగాదికీ మిగతాది కొత్త పుస్తకంలోకి తెచ్చి రాస్తున్నారు. గుమస్తా గారి చేతిరాత కాదది, షావుకారు గారిది.

గుమస్తా గారు నా భుజం మీంచి చూసేడు, ఏమీ అనకుండా వెళ్ళి దీపం పెట్టేడు.

నేను మర్నాడు అడిగేను, ఇది అప్పు కింద చూపించాలా, ఎలా చూపించాలి అని, అకౌంట్సు మనిషి అడిగినట్టే అడిగేను. "అప్పు కాదు బాబూ. పెట్టింది ఎక్కడో ఒక దగ్గర కనబడాలి కదా, అంచేత రాసుకున్నాను" అన్నారు. కాసేపాగి, "కొట్టు ఫోన్లోంచి నడుస్తాదని నువ్వే కదా అన్నావు. ఫోన్లోంచి నడిస్తే చిన్నోడు ఇక్కడెందుకుంటాడు?"

నా స్లైడు గుర్తొచ్చింది. మీరు కొట్లో లేకపోయినా.

ఇక్కడ నా లెక్క మొత్తం తిరగబడింది. ఆయనకి భయం లేదు. కంప్యూటర్ ఏం చేస్తుందో ఆయనకి నాకంటే బాగా తెలుసు, దాని మీద పదిహేను లక్షలు పెట్టిన మనిషి. ఆయన చూసినంతలో కంప్యూటర్ అన్నది కొట్లోకి వచ్చే సామాను కాదు, కొట్లోంచి మనిషిని బయటికి పంపే దారి, డబ్బు పెట్టింది అందుకే, అది చెప్పిన పని చేసింది కూడా. తెలుగోళ్ళకి కంప్యూటర్ పిచ్చి అన్నది అబద్ధం కాదు గానీ, ఆ పిచ్చి కంప్యూటర్ ఉద్యోగం మీద. చదువుకైతే పొలం అమ్ముతాం, కొట్టుకైతే 42 వేలు మూడేళ్ళు ఆలోచిస్తాం. ఇది నా మిగతా కస్టమర్లలో కూడా చూసేను, కానీ రెండూ ఒకే ఆవర్జాలో ఒకే పేరు కింద చూసింది ఇక్కడే. ఐబీఎం వాళ్ళ సర్వేలో 40 అన్న అంకె ఈ పేజీలో ఎక్కడా లేదు.

అప్పుడు మార్చినవి

ముందుగా యాప్ తీసేయించేను. ఫోన్లో చూసుకునే సౌకర్యం అసలు వద్దు. చిన్నాయన గొడవపడ్డాడు, "అన్నా ఇది 2023" అన్నాడు. నేను తనకి ఆ ఖాతా సంగతి చెప్పలేదు, అది చెప్పడం నా పని కాదు. "మీ నాన్న సంతకం పెట్టాలంటే కంప్యూటర్ కొట్లోనే ఉండాలి, దాన్ని నడిపే మనిషీ కొట్లోనే ఉండాలి" అని మాత్రం అన్నాను. టెక్నికల్‌గా ఇది వెనకడుగు, ఒప్పుకుంటాను. నా తోటివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇది విని నవ్వేరు. బ్యాకప్పు పెన్‌డ్రైవ్‌లోకి, పెన్‌డ్రైవ్ ఇనప్పెట్టెలోకి, రోజూ రాత్రి తాళం వేసేటప్పుడు షావుకారు గారు స్వయంగా పెడతారు. రెండోది శనివారం శనివారం ఇంటికి. ఇనప్పెట్టెలోకి వెళ్ళింది కాబట్టి అది ఆస్తి అయిపోయింది, అంతకుముందు అది డబ్బా.

తర్వాత తరుగు. స్టాకులో "తరుగు" అని వేరే పద్దు పెట్టేను. కొత్త పంట వచ్చే ఫిబ్రవరి నుంచి మే దాకా బస్తాకి ఇంత, వానాకాలంలో ఇంత, తర్వాత ఇంత, ఆ అంకెలు షావుకారు, గుమస్తా, కలాసీల మేస్త్రీ ముగ్గురూ కూర్చుని చెప్పేరు. శనివారం కాటా వేస్తారు, తేడా ఆ హద్దు లోపల ఉంటే తరుగులోకి పోతుంది, ఎర్రక్షరాలు లేవు. హద్దు దాటితే కాగితం షావుకారు గారికి మాత్రమే. మేస్త్రీని కూర్చోబెట్టడం మొదట్లో అక్కర్లేదనుకున్నాను, కానీ అవమానం అయింది ఆయనకి కాబట్టి హద్దు ఆయన నోటివెంటే రావాలనిపించింది. ఆయన చెప్పిన హద్దు నేననుకున్నదానికంటే గట్టిగా ఉంది, తక్కువ తరుగు చెప్పేడు.

గుమస్తా గారి దగ్గర ఎక్కువ ఆలోచించేను. ఆయన భయం మాత్రం నిజమైన భయమే, పుస్తకం పోతే ఆయనెందుకు. మా మావయ్య బ్యాంకు క్లర్కు, ఆ రోజుల కథలు చెప్పేవాడు, మిషన్లు వస్తే ఉద్యోగాలు పోతాయని యూనియన్లు ఒప్పుకోలేదు, 1983లో యాజమాన్యాలకీ యూనియన్లకీ ఒప్పందం అయ్యాకే కదిలింది, బ్యాంకుల్లో కంప్యూటర్లు ఎలా పెట్టాలో చెప్పిన రంగరాజన్ కమిటీ రిపోర్టు రావడానికి ఇంకో ఏడాది పట్టింది, తర్వాత బ్రాంచీల్లోకి లెడ్జరు మిషన్లు వచ్చేయి. మావయ్యకి గుర్తున్నది మాత్రం ఒక్కటే, మిషను మీద కూర్చున్నవాడికి అలవెన్సు ఉండేది, దానికోసం అంతకుముందు నినాదాలిచ్చినవాళ్ళే పోటీపడ్డారని. అదే పట్టుకున్నాను. ఎంట్రీకి పీజీడీసీఏ (కంప్యూటర్ డిప్లొమా) చేసిన ఒక ఒరియా అమ్మాయిని పెట్టుకున్నారు, కానీ ఆ అమ్మాయి తనంతట తాను ఒక్క పద్దు వెయ్యకూడదు. గుమస్తా గారు చిట్టా చూసి చదువుతారు, తను కొడుతుంది. ఆయనకి నెలకి 1,500 ఎక్కువ, పేరు కంప్యూటర్ అలవెన్సు. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ వచ్చింది మా టౌను ఒరియా. "మౌసా, ఎర్రగేటు అంటే ఎవరు?" అని తను అడుగుతుంది (మౌసా అంటే ఒరియాలో బాబాయి వరస), ఆయన జీఎస్టీ పేరు వెతికి చెప్తాడు, ఖాతాలో అసలు పేరు పైన, ఇంటిపేరులాగ కింద "ఎర్రగేటు". మూడు నెలల్లో రెండువందల పైచిలుకు ఖాతాలు అలా అయ్యేయి.

చిట్టా మానలేదు. మానమని నేను అడగలేదు. డబుల్ పని కదా అంటారా, డబుల్ పనే, కానీ మొదటిసారి రాసింది ఒకరు, ఎక్కించింది ఇంకొకరు రాత్రిపూట అలిసిపోయి, ఇప్పుడు చిట్టా ఆధారం, కంప్యూటర్ నకలు, మధ్యలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారు. ఆవర్జా మాత్రం ఆ ఏడు నుంచి ప్రింటే, నెలకోసారి తీసి ఎర్రగుడ్డ అట్ట వేస్తారు.

మొదలెట్టింది విజయదశమికి. ఆగస్టు 1 నుంచి దసరా దాకా ఈ-ఇన్వాయిస్‌లు మా ఆఫీసులోనే తీసి ఇచ్చేను, ఫీజు లేకుండా, అది నా తప్పుకి నేను కట్టుకున్న పెనాల్టీ. ఆయుధపూజలో మోనిటర్‌కి బొట్టు పెట్టేరు, కాటాకీ పెట్టేరు, చిట్టాకీ పెట్టేరు, వరసలో కంప్యూటర్ మూడోది.

మొత్తం ఖర్చు 38 వేలు. పాత మిషను ఒకటి పనికొచ్చింది.

షావుకారు గారి మనసు నిజంగా మారింది ఎప్పుడంటే, ఆ నవంబర్లో. బాకీ వసూళ్ళకి ఆయన ఏటా ఒకసారి ఊళ్ళు తిరుగుతారు, జేబులో గుమస్తా గారు రాసిచ్చిన చీటీ. ఈసారి ఆ అమ్మాయి ఒక్కో కస్టమర్‌కి ఒక్కో బాకీ చీటీ తీసింది, తెలుగువాళ్ళకి తెలుగులో, ఒరియావాళ్ళకి ఒరియాలో, ఏ తేదీ బిల్లు ఎంత, ఎంత ఇచ్చేరు, ఎంత ఉంది. పైన శ్రీకారం కూడా ప్రింటు చేయించేం, అది షావుకారు గారి ఆర్డరు. తిరిగొచ్చి అన్నారు, "ఈసారి ఎవడూ లెక్క మీద మాట్లాడలేదు బాబూ, డబ్బు లేదన్నాడు గానీ లెక్క తప్పనలేదు." ఎంత వసూలైందో నాకు చెప్పలేదు, నేనడగలేదు. డిసెంబర్లో ఇంకో ప్రింటరు కొందామని ఆయనే ఫోన్ చేసేరు.

నాకు మిగిలినవి

అన్నీ కుదిరాయని కాదు. చిన్నాయన ఇప్పటికీ యాప్ అడుగుతున్నాడు, ఏదో ఒకరోజు పెట్టించుకుంటాడు, ఆ రోజు ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో అది వాళ్ళ సంగతి. పెన్‌డ్రైవ్ బ్యాకప్పు మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు, మూడు నెలలకోసారి వెళ్ళి తెరిచి చూస్తాను. ఇంక ఎవరైనా "మా నాన్నకి కంప్యూటర్ భయం" అని ఫోన్ చేస్తే ముందు పాత పుస్తకాలు చూపించమంటున్నాను. కంప్యూటర్ అన్న మాట ఆ ఇంట్లో మొదట దేనికి రాసేరు, టైపు ఇన్‌స్టిట్యూట్ ఫీజుకా, రైలు రిజర్వేషన్‌కా, కొడుకు చదువుకా, పోయిన ఉద్యోగానికా, అది తేలితే ఎంత పెడతారో ఎక్కడ ఆగుతారో సగం తెలిసిపోతుంది. ఒక జీడి బట్టీలో ఇలా అడిగితే ఆవిడ "కరెంటు బిల్లు తప్పొచ్చినప్పుడు కంప్యూటర్ తప్పు అన్నారు, అప్పుడు విన్నాను" అంది. ఆవిడకి ముందు బిల్లు ఎలా సరిచెయ్యాలో చూపించేను, ఏం కొనాలన్నది తర్వాత మాట్లాడుకున్నాం.

ఆ కొట్లో పెన్సిల్ గుర్తులు మాత్రం కంప్యూటర్లోకి రాలేదు. ఒక కాలమ్ పెడదామని ఒకసారి కదిపేను, ఎవరికి అరువివ్వాలి, ఎవరికి ఆపాలి అన్నది ఆ చుక్కల్లోనే ఉంది కదా అని. షావుకారు, గుమస్తా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, "అవి ఉండనీ" అన్నారు. మళ్ళీ అడగలేదు.

మొన్న నా ఫీజు ఇచ్చేరు. ముందు చిట్టాలో రాసేడు గుమస్తా గారు, తర్వాత ఆ అమ్మాయికి చదివేడు, తను కొట్టింది. నేను లేచి చెప్పులేసుకుంటుంటే ఆయన పెన్సిల్ తీసి నా పేరు పక్కన ఒక చుక్క పెట్టేడు. ఏటండీ అది అన్నాను. నవ్వి పుస్తకం మూసేసేడు.